అడగకుండా ఆరేసిన వల

జెద్దాలో మా అమ్మాయి వాళ్ళింట్లో మధ్యాహ్నం పూట బయటికి వెళ్ళే పని ఉండదు. ఏసీ రొద, పక్క ఫ్లాట్‌లోని సూడాన్ వాళ్ళింటి నుంచి వచ్చే సాంబ్రాణి వాసన, అంతే. అలాంటి ఓ మధ్యాహ్నం మనవరాలు బడి నుంచి వస్తూనే నన్ను సోఫాలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి ఉపన్యాసం అప్పజెప్పింది. బడిలో పోటీ అట. ఉత్తరాన ఎక్కడో చలిదేశంలో ఫ్రెంచివాళ్ళ తొలి వలసలు, అక్కడి ఆదివాసులు, ఇదీ విషయం.

"తాతయ్యా, మధ్యలో ఆపకుండా విను. మిగతా యూరోపియన్స్ లాగా కాదు, ఫ్రెంచ్ వాళ్ళు నేటివ్స్‌తో చాలా ఫ్రెండ్లీగా ఉన్నారు. గిఫ్ట్స్ ఇచ్చారు, వాళ్ళ లాంగ్వేజ్ నేర్చుకున్నారు, వాళ్ళతో కూర్చుని తిన్నారు..."

"ఆపు," అన్నాను.

"అప్పుడేనా! ఇంకా స్టార్టింగే."

"ఆ కూర్చుని తిన్న తిండి ఎవరింట్లో వండారో ఉందా నీ పుస్తకంలో?"

మా అమ్మాయి వంటింట్లోంచి తొంగి చూసింది. "నాన్నా, దానికి ప్రైజ్ కావాలి. నీ కోపం కాదు."

కోపం నాకు కొత్త కాదు. నాలుగో తరగతితో బడి మానేసి, పడవల మీద, ఆ తర్వాత రేవుల్లో పూడిక తీసే డ్రెడ్జర్ల మీద బతికినవాణ్ణి. చరిత్ర నాకెవరూ పాఠంగా చెప్పలేదు. రేవు పట్టణాల్లో పాత పుస్తకాల బళ్ళ దగ్గర కొనుక్కుని, అర్థం కాని చోట మళ్ళీ మళ్ళీ చదువుకుని తెలుసుకున్నాను. ఆ చలిదేశం గురించీ చదివాను. జంతువుల తోళ్ళు తీసుకుని కత్తులు, దుప్పట్లు, సారా ఇచ్చారు. తర్వాత జబ్బులొచ్చి పల్లెలకు పల్లెలు ఖాళీ అయ్యాయి. స్నేహం అన్న మాట మాత్రం ఆ పుస్తకాల్లో పేజీ పేజీకీ ఉంది. ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే నేను పుట్టింది ఆ ఫ్రెంచివాళ్ళ జెండా కిందే. ఆ స్నేహాన్ని మా ఇంటి చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన కుటుంబం మాది.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలవబోయే ముందు కాస్త బద్ధకంగా మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో మా ఊరు. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, మధ్యలో మా ఊరొక్కటీ ఫ్రెంచివాళ్ళది. మేం పల్లెకారులం, చేపలు పట్టుకునేవాళ్ళం. మా పేట పల్లంలో ఉండేది. అడుగు తీసి అడుగు వేస్తే బురద. రొయ్యలు ఎండబెట్టిన వాసన, మడ అడవి వాసన, వరద వెళ్ళాక గోడల్లో మిగిలిపోయే చెమ్మ వాసన. ఈ మూడూ కలిస్తే అది మా ఇల్లు.

పేటకి పైన, ఏటి గట్టునే, ఎత్తుగా, చదునుగా ఒక మెరక ఉండేది. ఎంత వాన పడినా గంటలో ఆరిపోయే ఇసుక నేల. సముద్రపు గాలి నేరుగా అక్కడికే కొట్టేది. దాని మీద దొరగారి తెల్లమేడ, జెండా కర్ర, ఎర్రటోపీ సిపాయి.

ఆ మెరక కథ మా మామ్మ చెప్పేది. మామ్మ అంటే మా నాన్న తల్లి. చేపలు కోస్తూ చెప్పేది, కత్తిపీట మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఎప్పటి మాటో రా. మా ముత్తవ్వల ముత్తవ్వ నాటిది. ఆళ్ళ ఓడొకటి ఏట్లోకొచ్చింది. సాలీల దగ్గర కొన్న బట్టల మూటలన్నీ తడిసి ముద్దయిపోయేయంట. అయ్యా, ఈ మెరక మీద నాలుగు రోజులు ఆరేసుకుంటాం అనడిగేరు. ఆరేసుకోండి, నేలేమన్నా అరిగిపోద్దా అన్నారు మనోళ్ళు. ఎర్ర గుడ్డొకటి, అద్దమొకటి, సారా బుడ్డొకటి ఇచ్చేరు. చేపలు కాల్చి పెడితే కలిసి తిన్నారు. మంచోళ్ళే."

"తర్వాత?"

"తర్వాతేముంది? మూటలకి పాక కావాలన్నారు. పాకకి గోడ కావాలన్నారు. గోడెనక ఫిరంగి పెట్టేరు. ఇక ఇక్కడ మీ గుడిసెలు బాగోవు, పల్లంలోకి దిగండన్నారు. దిగేం. వరదొచ్చింది, ఎనకాలే జొరాలొచ్చేయి. ఇళ్ళకిళ్ళు దీపం లేకుండా పోయేయి. మిగిలిన మగోళ్ళని సముద్రాల అవతల ఆళ్ళ దీవులకి చెరుకు నరకడానికి తీసుకుపోయేరు. తిరిగొచ్చినోడు లేడు."

అంతా పోగా మా వాళ్ళు ఒక్కటి మిగుల్చుకున్నారు. ఏడాదికొకసారి, గోదారికి వరద ఎర్రనీళ్ళు దిగే ముందు, మా ఇంటి పెద్దవలని ఆ మెరక మీద ఆరేయడం. ఎవరినీ అడగకుండా ఆరేయడం. మామ్మకి ప్రాణం అంతా ఆ "అడగకుండా"లోనే ఉండేది.

"ఆరేసుకుంటామని ఆళ్ళు మనల్నడిగేరు. మనం ఆళ్ళనెప్పుడూ అడగలేదు. మనం నోరు తెరిచి అడిగిన్నాడు అది ఆళ్ళదైపోద్ది. గుర్తెట్టుకో."

ఈ రోజుల్లో వల ఆరేయడమంటే ఏమిటో చెబితే గాని తెలియదు. అప్పటి వలలు నూలువి. ఉప్పునీటికి కుళ్ళిపోకుండా ఏడాదికొకసారి వాటికి కషాయం పట్టాలి. మడచెట్ల బెరడు కొట్టి, పెద్ద పెద్ద కాగుల్లో రెండు పూటలు ఉడికిస్తే నీళ్ళు చిక్కని ఎర్రరంగుకి దిగేవి. అందులో వల ముంచి తీసి, శుభ్రమైన పొడినేల మీద, గాలి తగిలేలా పరచాలి. బురదనేల మీద పరిస్తే కషాయం పట్టదు, వల చివికిపోతుంది. వల చివికితే ఆ ఏడు కూడు లేదు. అందుకని మెరక మాకు పౌరుషం మాట ఒక్కటే కాదు, కడుపు మాట కూడా.

పిల్లలకి మాత్రం అది పండగే. కాగుల దగ్గర తిరిగి తిరిగి మా అరచేతులు ఎర్రగా పండిపోయేవి. ఒక ఏడు, కాపలా సిపాయి మా అత్తతో కబుర్లాడుతుంటే, నేను వెనకనుంచి వెళ్ళి అతని తెల్ల నిక్కరు మీద రెండు అరచేతులూ అచ్చొత్తి పారిపోయాను. అతను మా పేటకి అల్లుడే. ఆ రోజంతా ఆ అచ్చులతోనే మేడ ముందు నడిచాడట పాపం. వల ఆరేసే రోజున మాత్రం మేం గట్టెక్కుతుండగానే అతను ఏటి వైపు తిరిగి నిలబడేవాడు.

"నాకేం కనపట్టం లేదర్రా," అనేవాడు గాలితో చెప్పినట్టు.

"కనపడకపోతే మంచిదే బాబూ, చద్దన్నం పెడతాను తిను," అనేది మామ్మ.

సాయంత్రం వరకూ అక్కడే. చద్దన్నం, ఎండురొయ్యల పచ్చడి, మామిడి ఒరుగుల పులుసు. పొద్దు వాలేసరికి వల చుట్టుకుని దిగిపోయేవాళ్ళం. చూసీ చూడనట్టుండే దొరలుండేవారు. తిట్టే దొరలూ ఉండేవారు. ఒక దొర వలని బూటుకాలితో తన్నాడట. మామ్మ ఆ సంగతి మురిపెంగా చెప్పుకునేది.

నాకు ఊహ బాగా తెలిసిన ఒక ఆషాఢంలో కొత్త దొర వచ్చాడు. సన్నటి మనిషి. గొడుగు వేసుకుని మా సందుల్లో ఒంటరిగా తిరిగేవాడు. ఎదురైన ప్రతివాణ్ణీ "బాగున్నావా?" అనేవాడు. మేం "బొంజూరు దొరగారూ" అని వెంటపడితే జేబులోంచి బిస్కెట్లు తీసి పంచేవాడు. రెండోసారి ఇంకో సందులోంచి వచ్చి, కొత్తవాళ్ళలా మళ్ళీ బొంజూరు కొట్టి తెచ్చుకునేవాళ్ళం. అతనికి తెలిసే ఇచ్చేవాడనుకుంటాను.

ఒకరోజు గుమస్తాని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. చాప వేస్తే కాళ్ళు ముడవలేక అవస్థపడుతూ కూర్చున్నాడు. మామ్మ చేపల పులుసు వడ్డించింది. కళ్ళనీళ్ళు కారుతుండగా "చాలా కారం, చాలా బాగు" అన్నాడు. మా తాత నవ్వు ఆపుకోలేకపోయాడు. దొర తన ఇంట్లో అన్నం తినడం ఆయన జన్మలో ఎరగనిది.

చేయి కడుక్కుని దొర ఏదో చెప్పాడు. గుమస్తా తెలుగు చేశాడు.

"మీరు ఏటా మేడ ముందు వల ఆరేస్తారని దొరగారు విన్నారట. ముచ్చటగా ఉందట. ఆ పని దొంగచాటుగా ఎందుకు, వచ్చే ఫ్రెంచి జాతీయ పండగ రోజున అందరి ముందూ చెయ్యండి అంటున్నారు. ఓడలో పెద్ద అతిథులు వస్తారట. డప్పులు, పాటలు మీవే. ఇకనించి ప్రతి ఏడూ అనుమతి ఇస్తారట."

"దొంగచాటుగానా?" అంది మామ్మ.

"మాటవరసకి అన్నాన్లేమ్మా."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు తాత. అప్పటికే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

దొర వెళ్ళాక ఇంట్లో గొడవ మొదలైంది.

"అదే వల, అదే మెరక. పండగనాడు ఆరేత్తే ఏం పోద్దే?" అన్నాడు తాత.

"అనుమతిత్తానన్నాడు మావా. ఇన్నావా?" అంది మామ్మ.

"ఇత్తే మంచిదే గదా. ఎన్నాళ్ళని దొంగోళ్ళలాగా..."

"ఆ మాట అప్పుడే నీ నోటికొచ్చేసిందా?"

తాత చెడ్డవాడు కాడు. అది గట్టిగా చెప్పాలి నేను. పుట్టినప్పటినుంచీ ఒరేయ్ అని తప్ప పిలిపించుకోని మనిషి. ఒక తెల్లదొర వచ్చి చాప మీద కూర్చుని, మీ ఆచారం గొప్పదయ్యా అంటే కరగడా? తన్నే బూటుని ఎలా ఎదుర్కోవాలో మా వాళ్ళకి తరాలుగా తెలుసు. చాచిన చేతిని ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

మామ్మ ఒక్కటే అనుకుంది: పండగ లోపలే, ఆయన పిలవకముందే, వల ఆరేసి రావాలి. అప్పుడు ఆ ఏడాదికి లెక్క సరిపోతుంది. పండగనాడు తాత ఏ వేషం వేసినా అది వేషంగానే మిగులుతుంది.

వాన వదల్లేదు. కషాయం పట్టిన పెద్దవల వసారాలో తడిగా పడి ఉంది. దాని వగరు వాసనకి అన్నం సయించేది కాదు. మామ్మ చూరు కింద నిలబడి ఆకాశాన్ని తిట్టేది. పండగ రేపనగా పొద్దున్నే ఎండ కాసింది.

"లేవండర్రా, వల ఎత్తండి," అంది.

పెద్దవల ఎత్తాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి. మా నాన్న, చిన్నాన్నలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రేపెలాగూ మొయ్యాలి గదే అమ్మా," అన్నాడు మా నాన్న. "ఇయ్యాల మోసి, దింపి, మళ్ళీ రేపా?"

"దొరగారు పిలిచేక కూడా ముందెళ్తే బాగోదే," అన్నాడు తాత.

మామ్మ గోడకి వేలాడుతున్న విసురువల తీసింది. అది తను స్వయంగా అల్లుకున్నది. కాగులో అడుగున మిగిలిన కషాయంలో ముంచి, భుజాన వేసుకుని నడిచింది. ఎర్రటి నీళ్ళు వీపు మీద కారుతున్నాయి. వెనక మా అత్త, ఆ వెనక గంజి ముంతతో నేను.

మెరక మీద రంగు కాగితాల తోరణాలు కడుతున్నారు. బహుమతులు కట్టిన నున్నటి గుంజకి ఎవరో కొవ్వు రాస్తున్నారు, రేపు కుర్రాళ్ళు ఎక్కి జారిపడడానికి. సిపాయి మమ్మల్ని చూడగానే అలవాటుగా ఏటి వైపు తిరిగాడు. మామ్మ వల పరిచింది. పెద్దవల అయితే మెరక సగం నిండేది. ఇది పందిరి నీడంత కూడా లేదు. అయినా నాలుగు వైపులా లాగి, సీసపు గుళ్ళు సర్ది, పక్కనే చతికిలబడింది. ఆవిడ మొహంలో అలాంటి తృప్తి నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు దొర మేడ దిగి వచ్చాడు. వల చూశాడు, మామ్మని చూశాడు. మొహమంతా నవ్వు.

"రేపు! రేపు!" అన్నాడు వేలు ఊపుతూ. తర్వాత చప్పట్లు కొట్టి గుమస్తాతో ఏదో అన్నాడు.

"ముందుగానే వచ్చి సరిచూసుకుంటున్నారా అని మెచ్చుకుంటున్నారమ్మా. కానివ్వండి అంటున్నారు."

"రేపటికి రాలేదు నేను. నా పనికొచ్చేను. ఆయన్ని అడిగి రాలేదని చెప్పు."

గుమస్తా నసిగాడు. మామ్మ "చెప్పవయ్యా" అని గద్దించింది. చెప్పాడు. దొర శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు, గుండె మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా బదులిచ్చాడు.

"అడగక్కర్లేదంటున్నారు. ఇకనించి మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చట. అడక్కుండా రావడానికి కూడా అనుమతి ఇచ్చేశారట."

మామ్మ తను పరిచిన వల వైపు చూసింది.

దొర సిపాయిని పిలిచి వల చెంగు పట్టుకోమన్నాడు, ముడతలు లేకుండా. ఇన్నేళ్ళుగా వీపు తిప్పుకుని నిలబడిన మనిషి వచ్చి, తల దించుకుని, చెంగు పట్టుకున్నాడు. లోపలినుంచి బిస్కెట్ల డబ్బా తెప్పించి దొర నాకు గుప్పెడు పెట్టాడు. వెన్న వాసన. అంత మంచి బిస్కెట్టు నేను అంతకుముందు తినలేదు.

మామ్మ లేచింది. సిపాయి చేతిలోంచి చెంగు తీసుకుంది. తడి ఆరని వల చుట్టుకుని గట్టు దిగింది. దొర వెనకనుంచి "బాగుందా? బాగుందా?" అంటూనే ఉన్నాడు.

"తన్నినా బాగుండేదే," అంది అత్తతో, సగం దారిలో. "తన్నిన ఏడు ఎంత ధైర్యంగా ఇంటికొచ్చేనో."

పండగ ఘనంగానే జరిగింది. తాతకి నడుముకి ఎర్రపట్టా కట్టారు. పెద్దవల పరుస్తుంటే బ్యాండు వాయించారు. ఓడలో వచ్చిన దొరసానులు ఫొటోలు తీసుకున్నారు. మేం కొవ్వు రాసిన గుంజ ఎక్కబోయి బట్టలు పాడుచేసుకున్నాం. ఊరంతా తాతని పెళ్ళికొడుకులా చూసింది. మామ్మ రాలేదు. సాయంత్రం ఆయన ఎర్రపట్టాతో గుమ్మంలోకి వస్తే కాళ్ళకి నీళ్ళిచ్చి, వేడివేడిగా అన్నం పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. అదే తాతకి శిక్ష అయింది.

మరుసటి ఏడు ఆ దొర బదిలీ అయిపోయాడు. వచ్చినవాడు మెరక చుట్టూ తీగ కంచె వేసి, బంతాట మైదానం చేయించాడు. తాత వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. అదే గుమస్తా బయటికొచ్చాడు.

"అది పాత దొరగారు సొంతంగా ఇచ్చిన అనుమతి. ఆయనతోటే పోయింది. ఈయన్నేం అడగమంటావు?"

"అంతకుముందు కూడా ఆరేసేవోళ్ళం గదండీ."

"అప్పుడు మరి ఎవరు ఇచ్చారు అనుమతి?"

తాత గేటు దగ్గరినుంచి వెనక్కి తిరిగాడు. ఆ ఏడు పల్లంలోనే, గడ్డి పరిచి, దాని మీద వల ఆరేశారు. కార్తీకానికల్లా వల చేతిలో పీచు పీచుగా ఊడొచ్చింది. ఆ చలికాలం మా ఇంట్లో పొయ్యి రోజూ వెలగలేదు. నేను బడి మానింది అప్పుడే. మామ్మ ఇంకో రెండేళ్ళు బతికిందేమో, ఆ మెరక వైపు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. ఏటికి వెళ్ళాలంటే చుట్టు తిరిగి వెళ్ళేది.

పోయిన శుక్రవారం అల్లుడితో ఇక్కడి చేపల మార్కెట్టుకి వెళ్ళాను. పక్కన పడవల దగ్గర ఒక బంగ్లాదేశ్ కుర్రాడు పచ్చటి వలని తడి తడిగానే ముద్ద చేసి పడవలో పడేస్తున్నాడు. ప్రాణం ఊరుకోక, ఆరేయవా బాబూ అని నాకొచ్చిన హిందీలో అడిగాను. "సుఖానా క్యోఁ చాచా? నైలాన్ హై," అని, నైలాను వలని ఆరేయడమెందుకన్నట్టు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. నిజమే. మా ఊళ్ళో కూడా ఇప్పుడు అంతే. కషాయం అక్కర్లేదు, మెరక అక్కర్లేదు. పోయింది ఫలానాదని చెప్పినా, దాంతో ఏం పని అని అడుగుతారు పిల్లలు.

కానీ ఆఖరి నష్టం దొరల వల్ల జరగలేదు. అది చెప్పకపోతే నేనూ ఆ పుస్తకాలవాళ్ళ లాంటివాణ్ణే అవుతాను.

ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎక్కిన కొత్తలో ఒక అధికారి వచ్చాడు. మనవాడే, చక్కటి తెలుగు. పేట పేటకీ కబురు పెట్టాడు, పాత హక్కులేమైనా ఉంటే వచ్చి చెప్పుకోండని. తాత ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరాడు. నాకప్పటికి మీసాలు మొలుస్తున్నాయి, తోడు వెళ్ళాను. అదే మేడ. కంచె గేటు తీసే ఉంది. అధికారి తాతని చూడగానే లేచి కుర్చీ చూపించాడు. తాత వద్దని, వద్దని, చివరికి అంచు మీద కూర్చున్నాడు.

"చెప్పు పెద్దాయనా. ఈ స్థలంలో మీకు ఏదో ఉండేదటగా?"

తాత గొంతు సవరించుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"ఆయ్. దొరగారు దయతలిచి, ఏడాదికోపాలి వల ఆరేసుకోనిచ్చేవోరండి."

అధికారి, తాత ఇంకేమైనా చెబుతాడేమోనని నిజంగానే ఎదురుచూశాడు. నేను తాత భుజం మీద చెయ్యి వేసి నొక్కాను. తాత నా వైపు చూసి, ఏమీ తోచనట్టు నవ్వాడు.

"అయితే అది ఆయన దయ పెద్దాయనా. హక్కు కాదుగా," అన్నాడు అధికారి, నొచ్చుకుంటూనే.

"మరేనండి," అన్నాడు తాత.

ఇద్దరం గట్టు దిగాం. ఎండలో మెరక ఇసుక తళతళలాడుతోంది. తాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"మంచోడ్రా. కుర్చీలో కూకోమన్నాడు," అన్నాడు.

మా నేల మీద మమ్మల్ని కూర్చోమన్నందుకు మా తాత ఇంటిదాకా సంతోషిస్తూనే వచ్చాడు.